ఏడు పిస్టళ్లు, రెండు వీశెల పంచదార

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే యువతీయువకులకు నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లు లేరు, వచ్చేవాళ్లూ లేరు. రంగూన్ నగరం మొత్తం మీద (ఇప్పుడు యాంగోన్ అనాలట) యూరప్ పోలీసుల పిస్టళ్లకు పెట్టెలు చేసే పనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్లు ఈ పనిలో మొదటి స్థానం నాదే, రెండో స్థానమూ నాదే. మూడో స్థానాన్ని పోటీ లేక ఖాళీగా ఉంచాను. ఇప్పుడు కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప ఉలి మొన కనపడటం లేదు. అందుకని యాభై నాలుగో ఏట నాకు నేనే శాలువా కప్పుకుని రిటైరయ్యాను.

అయినా రాస్తున్నాను. రేపు ఎవరి చేతికైనా పొరపాటున ఈ పని వచ్చిపడితే, నేను చేసిన తప్పులే మళ్లీ చెయ్యకుండా కొత్త తప్పులు చేసుకుంటారని.

పని ఏమిటంటే

పిస్టల్ పెట్టె అంటే నాలుగు పలకలు, ఎనిమిది మేకులు అనుకునేవాళ్లు పళ్లబుట్టల వ్యాపారం చూసుకోవచ్చు. పాత టేకు చెక్కను రెండు దళసరి పలకలుగా కోసి, కింది పలకలో పిస్టల్ సగం మందం, పై పలకలో మిగతా సగం మందం గూడు తవ్వాలి. పిస్టల్‌ని పడుకోబెట్టి మూత వేశాక ఏనుగు తొండంతో పట్టుకుని ఆడించినా లోపల టిక్కుమనకూడదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం, చేతిపట్టు మీది గీతలు, ఏ దేశపు పోలీసులదో చెప్పే ముద్ర, అన్నీ చెక్కలోకి దిగాలి. పైన ఎలాగూ మఖమల్ గుడ్డ పరుస్తారు కదా, ముద్ర ఎవరు చూడొచ్చారు అని మా ఆవిడ రూతమ్మ అడిగేది. ఎవరూ చూడనిచోట సరిగ్గా చెయ్యడమే పనితనం అని నేను గడ్డం ఎత్తి చెప్పేవాణ్ణి. ఆ ఎత్తిన గడ్డమే తర్వాత మా మెడల మీదకు తెచ్చింది. ఆ సంగతి దారిలోనే ఉంది.

ఇంకో రహస్యం. రంగూన్ వానల్లో గాలి ఆడని పెట్టెలో ఇనుముకు చెమట పడుతుంది. అందుకని గొట్టం మూతి వచ్చేచోట, చెక్క అంచు దాకా, చిటికెన వేలు పట్టేంత కంత ఒకటి పెట్టేవాణ్ణి. ఈ కంత నా సొంత ఆవిష్కరణ. దీనికి బిరుదేదైనా ఇస్తారేమోనని పదేళ్లు ఎదురుచూశాను.

పజుండౌంగ్ పేటలో వాగు గట్టుకు రెండు వీధుల ఇవతల మా కొట్టు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి సేక్కాన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. మా నాన్న మూటలు వదిలి ఉలి పట్టి, తెలుగు బాప్టిస్టు చర్చికి హార్మోనియంలు బాగుచేసేవాడు. నేను హార్మోనియంల నుంచి పిస్టళ్లకు ఎదిగాను. రెండింటికీ తేడా తక్కువే. రెంటినీ పట్టుకోవడం తెలియనివాడి చేతిలో పెడితే ఊరు ఖాళీ అవుతుంది.

మా దొర

నా ఒకే ఒక్క ఖాతాదారు ఊ ఫ్వా. కొనుగోళ్లు చెయ్యడానికి విదేశాలకు వెళ్లే సర్కారీ బృందాల వెంట దుబాసీగా పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి అమ్మకందారులు బేరం కుదిరాక ఒక్కో నమూనా పిస్టల్‌ని బల్ల మీద వదిలి వెళ్లేవారట. బృందంలోని పెద్దలందరి చూపూ విస్కీ మీద, రేడియోల మీద ఉండేది. ఈయన మాత్రం ఎవరికీ పట్టని ఆ నమూనాను బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. అలా ఏడు దేశాలు, ఏడు డబ్బాలు, ఏడు పిస్టళ్లు. ఒక్కదానికీ కాగితం లేదు. ఒక్కదానికీ తూటా లేదు. తూటాలు ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఊ ఫ్వాకి శబ్దమంటే ప్రాణభయం. తలుపు గాలికి కొట్టుకుంటే కుర్చీలోంచి జానెడు పైకి లేచేవాడు. కొబ్బరికాయ కొట్టే ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లేవాడు కాదు.

ఆయన నాతో బర్మీస్‌లో మాట్లాడేవాడు. నేను తెలుగులో రాస్తున్నాను. నన్ను ‘సయా’ అనేవాడు, అంటే గురువు అనీ, పనిలో మేటి అనీ. నేను ఆయన్ని ‘ఊలే’ అనేవాణ్ణి, అంటే బాబాయి అని. ఈ మర్యాదలు అయ్యాకే తిట్లు మొదలయ్యేవి.

పిస్టళ్ల మీద ఆయన తీర్పులు నాకు నోటికొచ్చు. ఇటలీ పోలీసులది భారీ మనిషి, ఇంటికొచ్చిన ఆడబడుచులా పెట్టెంతా తనదే అంటుంది. ఆస్ట్రియాది సగం ప్లాస్టిక్కు. దాన్ని మొదటిసారి తట్టి చూసి, టిఫిన్ డబ్బా చప్పుడు వచ్చిందని ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. పశ్చిమ జర్మనీ పోలీసులది ఆయన రాణి. పట్టును ముందు పిడికిలితో గట్టిగా నొక్కితే తప్ప మేలుకోదు, వదిలేస్తే మళ్లీ నిద్రపోతుంది. అలాంటివి చాలా కొద్దిగానే చేశారట. “దీనికి మర్యాద తెలుసు సయా,” అనేవాడు. “కరచాలనం చెయ్యనివాడితో మాట్లాడదు.”

తూర్పు జర్మనీ పోలీసులది ఒకటుండేది, చిన్నది, నల్లనిది, ముఖం మాడ్చుకున్నది. ఆ దేశమే భూమ్మీద లేకుండా పోయిందన్న వార్త మాకు చేరడానికి చాలా కాలం పట్టింది. ఆ రోజుల్లో మా ఊరికి పత్రికలు వచ్చేవి కావు, వచ్చినా కత్తెర కంతలతో వచ్చేవి. ఊ ఫ్వా దగ్గరున్న పిస్టళ్ల జాబితా పుస్తకం పదేళ్ల పాతది. ప్రపంచం ముందుకు వెళ్లిపోతుంటే మేమిద్దరం ఆ పుస్తకంలోనే కాపురముండేవాళ్లం.

జిగురు

నా మొదటి తప్పు జిగురు. ఇటలీ పెట్టెలో మఖమల్‌ని వజ్రపు బంకతో అంటించాను. వానాకాలంలో బంక పులిసి, పిస్టల్ చెంప మీద నువ్వుగింజంత తుప్పు పెట్టింది. ఊ ఫ్వా దాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి భూతద్దంలో చూశాడు. భూతద్దాన్ని ఇంకో భూతద్దంతో చూశాడు.

“సయా, ఇదేమిటి?”

“మచ్చ, ఊలే.”

“మచ్చ కాదు. నీ సంతకం.”

తర్వాత పందొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి జిగురు మానేసి, మఖమల్‌ని చీమ తలంత పిన్నులతో బిగించడం నేర్చుకున్నాను. లాగితే ఒక్క దెబ్బతో ఊడొస్తుంది. అలాగే ప్రతి ఏడూ ఆగస్టులో పెట్టెలన్నీ మా కొట్టుకు వచ్చి, గుడ్డ ఆరబెట్టుకుని, సెప్టెంబరులో తిరిగి వెళ్లే పద్ధతి పెట్టాం. పెట్టెలు లేనిదే పిస్టళ్లకు నిద్రపట్టదని ఊ ఫ్వా వాటినీ వెంట పంపేవాడు. ఏడాదిలో నెల రోజులు ఏడు దేశాల పోలీసు బలగం మా చెక్కపొట్టు సంచుల మధ్య విశ్రాంతి తీసుకునేది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో కూడా అలాగే వచ్చాయి.

ఆగస్టు

ఆ నెల సర్కారు దిగిపోవాలని ఊరంతా రోడ్డెక్కింది. ఆఫీసులు మూతపడ్డాయి, పోలీసులు కనపడకుండా పోయారు, ఏ పేటను ఆ పేటవాళ్లే వెదుళ్లతో కంచె కట్టుకుని కాపలా కాసుకున్నారు. చేతిలో ఈటెలు, సైకిల్ చువ్వలు సానబెట్టిన బాణాలు. గాలి నిండా పుకార్లు. నీళ్లలో విషం కలిపారని ఉదయం, కలిపినవాణ్ణి పట్టుకున్నారని మధ్యాహ్నం. సర్కారుతో సంబంధమున్న మనిషి ఇంట్లో తుపాకులున్నాయని తెలిస్తే, దుబాసీయా ద్వారపాలకుడా అని విచారించే ఓపిక ఆ జనానికి లేదు. అదే తుపాకులు తర్వాత సర్కారుకు దొరికితే వాళ్లకీ ఓపిక ఉండదు. అంటే ఆ ఏడు పిస్టళ్లు ఎవరి కంటపడినా ఊ ఫ్వా మెడ పోతుంది, పక్కనే ఉన్నందుకు నాదీ పోతుంది.

ఒక పొద్దున్న రూతమ్మ వీధిలోంచి పరుగున వచ్చింది. “ఓలయ్యా! మీ కొట్లో తుపాకులున్నాయని టీకొట్టు కాడ సెప్పుకుంతన్నారు. సింహాచలం మందిని ఎంటేసుకుని వొత్తన్నాడు. బేగి ఏటో సెయ్యండి!”

కొట్లో చర్చివాళ్ల హార్మోనియం ఉంది. కాళ్లతో తొక్కేది, బీరువా అంత. తిత్తులు చిరిగి బాగుచెయ్యడానికి వచ్చింది. వెనక పలక విప్పి, ఏడు పిస్టళ్లనూ నూనెగుడ్డల్లో చుట్టి లోపలికి తోసి, పలక బిగించాను. ఇంత చాకచక్యం యుద్ధరంగంలో సేనాపతులు కూడా చూపి ఉండరు. చెమట తుడుచుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

సింహాచలం సేక్కాన్ రేవులో క్రేను నడిపే మనిషి. మా పేట కాపలా దళానికి నాయకుడు. తొమ్మిది మంది వచ్చారు, తొమ్మిది ఈటెలు.

“డానియేలన్నా, బయపడకు. మనోల్లమే.”

“మనోళ్లయితే ఈటెలు దేనికిరా?”

“అలవాటైపోనాది. అన్నా, తుపాకులుంటే ఇచ్చీ. వార్డుకి కావాల.”

ఇవ్వొచ్చు కదా అని మీరనవచ్చు. తూటా లేని పిస్టల్ పట్టుకుని కంచె మీద నిలబడితే, అందులో తూటా లేదన్న సంగతి ఎదుటివాడికి తెలియదు. వాడి తుపాకీలో ఉంటుంది. నా చేత్తో తుడిచిన పిస్టల్ పట్టుకుని సింహాచలం పడిపోవడం నాకు ఇష్టం లేదు. “నా కొట్లో హార్మోనియం తప్ప ఏముందిరా?” అన్నాను హాయిగా.

సింహాచలం నా వైపు చూడటం లేదు. నా వెనక బల్ల వైపు చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను.

బల్ల మీద ఏడు పెట్టెలు వరసగా, మూతలు బార్లా తెరిచి, గాలికి ఆరుతున్నాయి. ఒక్కో పెట్టెలో ఎర్ర మఖమల్ గూడు. ఒక్కో గూడు అచ్చంగా పిస్టల్ ఆకారం. గుడ్డివాడు తడిమినా అక్కడ ఏముండేదో చెప్పగలడు. పిస్టళ్లను దాచి, అవి ఉండేవన్న సాక్ష్యాన్ని బజారుకు ప్రదర్శన పెట్టాను. పనివాడి కంటికి తన చేతిపని కనపడదు, నా విషయంలో ఏడు చేతిపనులు కనపడలేదు.

“అన్నా,” అన్నాడు సింహాచలం మెల్లగా. “ఏటియ్యి?”

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి రూతమ్మ గరిటెతో వచ్చింది.

రూతమ్మ గరిటె

రూతమ్మ పెళ్లికి ముందు నరసమ్మ, వాళ్లది హిందువుల ఇల్లు. మా చర్చిలో పెళ్లాడి రూతమ్మ అయింది. ఆవిడ పుట్టింటి విద్య పంచదార చిలకలు. చెక్కమూసను నీళ్లలో నానబెట్టి, రెండు సగాలూ కలిపి తాడుతో కట్టి, కంతలోంచి పాకం పోస్తే, ఆరాక తెల్లని చిలక బయటికొస్తుంది. పజుండౌంగ్‌లో ఏ మతం పెళ్లయినా ఆవిడ చిలకలు లేనిదే పళ్లెం కదిలేది కాదు. ఊరు తగలబడుతున్నా ముహూర్తాలు ఆగవు కాబట్టి ఆ పొద్దున్న కూడా పొయ్యి మీద పాకం ఉడుకుతోంది.

ఆవిడ తిన్నగా బల్ల దగ్గరకు వచ్చి, ఇటలీ పెట్టెలోని మఖమల్ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. పిన్నులతో సహా ఊడొచ్చింది.

“సిలకల మూసలు,” అంది.

“సిలకకి ఈ ముక్కేటొదినా?”

“సిలకలని ఎవుడు సెప్పినాడు? నాను మూసలన్నాను. వార్డు కాపలా కుర్రోల్లకి మిఠాయి పెడదావని మీ అన్న పది దినాలై తవ్వుతన్నాడు. దుమ్ము పడకుండా గుడ్డేసినాడు. ఇదిగో, పాకం పొయ్యడానికి కంత. కనపడతందా, కళ్లు పోనాయా?”

నా జీవితకాలపు ఆవిష్కరణ అలా ఒక్క మాటతో పాకం కంత అయిపోయింది. బిరుదు మీద ఆశ ఆ రోజే వదులుకున్నాను.

“అలగైతే పోసి సూపించు,” అన్నాడు సింహాచలం.

పోసింది. పలకలు బకెట్లో ముంచి, తాడు కట్టి, కంతలోంచి పాకం పోసింది. పదిమందిమీ ఆ కట్టిన పలకల చుట్టూ పురిటిగది ముందు మగవాళ్లలా నిలబడ్డాం. రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఈటెలు తొమ్మిదీ లెక్కపెట్టుకున్నాను. తాడు విప్పి, పై పలక ఎత్తింది. తెల్లగా, నిగనిగలాడుతూ, పట్టు మీది గీతలతో సహా, ఇటలీ పోలీసుల పిస్టల్.

“ఓలమ్మో, ముద్ర కూడా పడినాదిరా!” అన్నాడొకడు.

ఎవరూ చూడనిచోట చేసిన పనితనం మొత్తం తొమ్మిదిమంది చూశారు. నా గుండె ఉప్పొంగింది.

సింహాచలం దాన్ని చేతిలోకి తీసుకుని వాగు వైపు గురిపెట్టి చూశాడు. “ఒదినా, దీనికి మసి పూసేమంటే దూరం కాడికి నిజందే.”

రూతమ్మ గరిటెతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. “నల్లగుంటే అవతలోడు నిజమనుకుని కాల్చీస్తాడు. తెల్లగుంటే పిచ్చోడనుకుంటాడు. పిచ్చోడిలాగే బతుకు.”

వెళ్తూ వెళ్తూ సింహాచలం హార్మోనియం దగ్గర ఆగి ఒక మెట్టు నొక్కాడు. లోపల ఇనుము మీద ఇనుము కదిలి ఖణేల్‌మంది. వాడు మూత మీద చెయ్యేసి, “దీనికి దగ్గొచ్చినట్టుందన్నా,” అన్నాడు. “జాగర్తగా సూసుకో.” వాడు నమ్మి వెళ్లాడో, నమ్మినట్టు వెళ్లాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

తెల్ల బలగం

పెళ్లికని దాచిన రెండు వీశెల పంచదార ఆ వారంలో పిస్టళ్లయిపోయింది. చిలకలు లేని పెళ్లిలో వధూవరులు పిస్టళ్లు మార్చుకున్నారు. అత్తవారి తరఫువాళ్లు ఆ పెళ్లిలో చూపినంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

వాగు అవతల తాకేటా పేటవాళ్లు మా కంచె మీద తెల్ల పిస్టళ్లు చూసి, పజుండౌంగ్‌కు ఏదో కొత్త దేశపు ఆయుధం చేరిందనుకున్నారు. మూడోరోజు సంపాను పడవ వేసుకుని ఐదుగురు పెద్దమనుషులు లఫే పళ్లెంతో రాయబారానికి వచ్చారు. లఫే అంటే ఊరబెట్టిన తేయాకు, మా ఊళ్లో తగవు తీరిందనడానికి గుర్తు. రూతమ్మ వాళ్లకి ఆస్ట్రియా పిస్టళ్లు తలొకటి పెట్టింది. ఒకాయన అక్కడే గొట్టం కొరికి, “చాలా బాగుంది, ఎక్కడ దిగుమతి?” అన్నాడు. అలా మా సరుకు వాగు దాటి, టీకొట్ల గాజుసీసాల్లోకి ఎక్కింది.

తర్వాత సైన్యం వచ్చింది. కంచెలు పోయాయి, రేడియోలో కవాతు పాటలు వచ్చాయి, చీకటి పడితే బయట తిరగకూడదన్నారు. ఆ రోజుల్లో పోయినవాళ్ల మీద నేను హాస్యం రాయలేను, రాయను. మా వార్డులో తెల్ల పిస్టల్ పట్టుకున్న తొమ్మిదిమందీ ఇళ్లకు చేరారు. అంతవరకే చెబుతాను.

కబురు

పిస్టళ్లు హార్మోనియంలోనే ఉన్నాయి. ఈలోగా, తిత్తులు కుట్టడం అవగానే, పాస్టరుగారు ఆరాధనకు వాద్యం కావాలని మనుషులతో మోయించుకుపోయారు. ప్రతి ఆదివారం ఏడు దేశాల పోలీసు బలగం మధ్య మేము కీర్తనలు పాడుకున్నాం. మంద్రంలో కొత్త గాంభీర్యం వచ్చిందని పాస్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. ఊ ఫ్వా బౌద్ధుడైనా, పిస్టళ్లకు దగ్గరగా ఉండాలని ఆఖరి బెంచీలో వచ్చి కూర్చునేవాడు. మెట్టు నొక్కి ఖణేల్‌మన్నప్పుడల్లా జానెడు పైకి లేచేవాడు. ఆయనలో ఆత్మ కదులుతోందని పాస్టరుగారు బాప్తిస్మానికి తెల్లబట్టలు కూడా సిద్ధం చేశారు.

ఒక శనివారం ఒక గుమాస్తా వచ్చి కబురు చెప్పాడు. ఆయుధాల దస్త్రాలు చూసే అధికారి టీకొట్టులో పంచదార పిస్టల్ ఒకటి చూశాడు. సోమవారం పొద్దున్న స్వయంగా కొట్టుకు వస్తాడు. మూసలన్నీ సిద్ధంగా ఉంచాలి.

ఊ ఫ్వాకి చెబితే ఆయన కుర్చీలోంచి లేవలేదు. శబ్దం లేని దెబ్బకు ఆయన శరీరానికి ఏం చెయ్యాలో తెలియలేదు.

“సయా, మూసలో ఏమేం పడింది?”

“అన్నీ, ఊలే.”

“ముద్ర?”

“ముద్ర కూడా.”

“అసలు పిస్టల్ చూడకుండా అలా తవ్వడం సాధ్యం కాదని వాడికి తెలుస్తుంది. నువ్వు ఇంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది.”

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆయన పేరు చెప్పేసి నేను తప్పుకోవచ్చునని ఆయనే అన్నాడు. ఆ మాటకు రూతమ్మ గరిటె కోసం చూసింది. ఇక మిగిలింది వాగే.

రాత్రి తిరగకూడదు కాబట్టి దొంగపని పట్టపగలే చెయ్యాల్సి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, దగ్గు బాగుచేస్తానని హార్మోనియం విప్పి, పిస్టళ్లను పూలబుట్టలో వేసుకున్నాం. పడవవాణ్ణి పెట్టుకుంటే సాక్షి అవుతాడని సంపాను నేనే నడిపాను. తెడ్డు పట్టడం నాకు రాదు. ఆటుపోట్ల వాగు మధ్యలో మేము పదకొండు సార్లు గుండ్రంగా తిరిగాం, ఇరుగట్ల మీదా జనం నిలబడి సలహాలు ఇచ్చారు. ఊ ఫ్వా గొడుగు చాటున ఒక్కో పిస్టల్‌నీ చేతిలోకి తీసుకుని, దాని దేశం పేరు చెవిలో చెప్పినట్టు చెప్పి వదిలేవాడు. బుడుంగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడేవాడు, పడవ ఊగేది. తూర్పు జర్మనీని మేము ముందు ముంచాం, ఆ దేశం తర్వాత మునిగింది. రాణిని ఆఖరుకి తీశాడు. పట్టును పిడికిలితో నొక్కి, మేలుకొలిపి, వదిలి, నిద్రపుచ్చి, అప్పుడు నీళ్లలోకి జార్చాడు. ఆ ఒక్కసారి ఉలిక్కిపడలేదు.

సోమవారం

అధికారి సన్నగా, సగం నెరిసిన మీసంతో, చంకలో ఒక కవరుతో వచ్చాడు. ఊ ఫ్వా హార్మోనియం కొనడానికి వచ్చిన మనిషిలా మూల స్టూలు మీద కూర్చున్నాడు. అధికారి చొక్కా మీద చీమలబారు భుజం దాకా పాకుతోంది. కవరు విప్పి బల్ల మీద దులిపాడు. చీమలు రాలాయి. వాటి మధ్య సగం పట్టు, కడియం ముక్క. మిగతా సాక్ష్యాన్ని చీమలు తినేశాయి.

నేను లోపల దేవుణ్ణీ, చీమల్నీ సమానంగా స్తుతించాను.

ఆయన మాత్రం చీమలను పట్టించుకోలేదు. పెట్టె గూటిలో వేలు పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా తడిమాడు. రాణి గూడు అది. పట్టు దగ్గర వేలు ఆగింది.

“ఇది నొక్కితే మేలుకునేది కదూ?” అన్నాడు.

నేను ఉలి తుడవడం మొదలుపెట్టాను.

ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. “నేను దస్త్రం పని మీద రాలేదు. గుమాస్తాకు ఏదో ఒకటి చెప్పాలి కదా. దీన్ని జాబితా పుస్తకంలో బొమ్మగా చూశాను, ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఈ ఊళ్లోకి అలాంటిది రాదనుకున్నాను. ఎక్కడుందని అడగను. ఎవరిదని అడగను. ఒక్కసారి, అయిదు నిమిషాలు, చేతిలో పట్టుకుని ఇచ్చేస్తాను.”

మూల స్టూలు కిర్రుమంది. ఊ ఫ్వా ముఖం నేను చూడలేకపోయాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, నా పెద్ద తప్పు జిగురు కాదు, బల్ల మీద పెట్టెలు కాదు. మూసలు సిద్ధంగా ఉంచమని కబురొస్తే, ఎందుకని ఒక్క మాట అడగకపోవడం. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరూ ఎవరినీ ఎందుకని అడిగేవారు కాదు. ఆ అలవాటు ఇరవై గంటల ముందు ఏడు పిస్టళ్లను వాగులో ముంచింది.

“లేదండీ,” అన్నాను. “లేదు” అన్న మాట అంత నిజంగా నేను ఇంకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు రూతమ్మ, ఎవరూ చెప్పకుండానే, రాణి పలకలను నీళ్లలో ముంచింది. పాకం పోసి, ఆరాక, ఆయన రెండు అరచేతుల్లో పెట్టింది. ఆయన పట్టును పిడికిలిలోకి తీసుకున్నాడు గాని నొక్కలేదు, విరుగుతుందని. అయిదు నిమిషాలూ అలాగే పట్టుకుని నిలబడి, దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

ఆయన వెళ్లాక ఊ ఫ్వా అడిగాడు. “సయా, నిన్న మనం ఉన్నచోట లోతెంత?”

“అప్పుడు వాగు పోటు మీద ఉందండీ, ఊలే.”

“ఊఁ,” అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు వాగులో పోటు తీసినప్పుడల్లా గొడుగు వేసుకుని గట్టున నిలబడి బురద చూసేవాడు.

ఆరబెట్టే నెల

ఆగస్టు పద్ధతి మాత్రం ఆగలేదు. ఏటా ఒక రోజు రూతమ్మ ఏడూ పోసేది. నేను పెట్టెల్లో పడుకోబెట్టేవాణ్ణి. ఊ ఫ్వా, ఆ అధికారి బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని, పాత జాబితా పుస్తకం మధ్యలో పెట్టుకుని, ఒక్కో దేశం మీద తగవులాడుకునేవారు. తూర్పు జర్మనీ లేదని తెలిశాక కూడా దాన్ని తీసెయ్యడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. కొత్తగా ఏయే పిస్టళ్లు వచ్చాయో మాకు తెలియదు, తెలిసే దారీ లేదు. సాయంత్రానికి చీమలు వచ్చేవి. చీమలు మొదలెట్టిన దేశాన్ని బట్టి ఆ ఏడాది యూరప్‌లో ఏం జరుగుతుందో అధికారి జోస్యం చెప్పేవాడు. రేడియోకన్నా నయంగానే ఉండేది.

ఊ ఫ్వా ఒక్క ముక్క కూడా తినేవాడు కాదు. చక్కెర జబ్బు, డాక్టరు ఖండితంగా వద్దన్నాడు. సేకరించేవాడు సేకరించింది తినకూడదని తానూ అనేవాడు.

ఆఖరి ఏడు ఆయన్ని సైకిల్ రిక్షాలోంచి ఇద్దరం పట్టి దింపాం. చూపు బాగా తగ్గింది. ఏడు పెట్టెలనూ వేళ్లతో చూశాడు. ఇటలీ దగ్గర, నువ్వుగింజంత మచ్చ ఉండే చోట, వేలు ఆపి, “సయా, సంతకం లేదే,” అన్నాడు. తర్వాత రాణిని తీసి, గొట్టం నోట్లో పెట్టుకుని, పళ్లతో ఫట్‌మని విరిచాడు.

అధికారి ఉలిక్కిపడ్డాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఊ ఫ్వా కదల్లేదు. మెల్లగా నములుతూ, “ఇన్నేళ్లకు ఒకటి పేలింది,” అన్నాడు.

మూసలు ఇప్పుడు రూతమ్మ దగ్గరున్నాయి, పెళ్లిళ్లకు వాడుతోంది. రాణి పెట్టె మాత్రం నేను అడిగి తీసుకున్నాను. పాత మఖమల్ మళ్లీ పిన్నులతో బిగించి, నా బల్ల మీద మూత తెరిచి ఉంచాను. కొట్టుకు ఎవరొచ్చినా నా వైపు చూసేముందు దాని వైపే చూస్తారు. ఖాళీ గూడే. అయినా ఇంతవరకు ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు.